ఆకుపచ్చలో ఉన్న బిడ్డనూ చూడాలి



తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఏన్కూరు వస్తుంది. ఇటు మిరప చేలు, పత్తి చేలు. అటు జూలూరుపాడు దిక్కున అడవి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఏన్కూరు ఖమ్మం జిల్లాలోనే ఉంది, పక్కనున్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది. కాగితం మీద గీత పడింది గాని, కూలికి వెళ్లే తల్లులు, వాళ్ల చంకన బిడ్డలు ఆ గీతను రోజూ దాటుతూనే ఉన్నారు. తిమ్మారావుపేట అయినా, జన్నారం అయినా, గార్లఒడ్డు అయినా, ఆ చుట్టుపక్కల కోయగూడెం అయినా, లంబాడీ తండా అయినా, పనుల కాలంలో పొద్దెక్కాక ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పసివాళ్లు. ఆ పసివాళ్లను రోజూ చూసే చదువుకున్న మనిషి ఒక్కరే, అంగన్‌వాడీ టీచరు.

డాక్టరు దగ్గరికి వచ్చేది జబ్బు చేసిన బిడ్డ. టీచరు ముందు కూర్చునేది ఇంకా జబ్బు చేయని బిడ్డ. నిన్న గుడ్డు మొత్తం తిని ఇవాళ సగం వదిలేసినవాడు, రోజూ ఆడుకునే పిల్ల ఇవాళ గోడకు ఆనుకొని కూర్చోవడం, ముక్కు కారడం, కళ్లు వాడిపోవడం, ఇవన్నీ ముందు ఆమెకే కనపడతాయి. జబ్బు రాకముందే కాపాడుకోవడం అని మనం అనుకునే పని అంతా ఆ చూపులోనే మొదలవుతుంది. ఆ చూపు పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుంది. ఆమెకు ఏం నేర్పుతున్నాం, ఎలా నేర్పుతున్నాం అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం, మనమంతా ఐసీడీఎస్ అనేది, 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. దానికి ముందు బాల్వాడీలు ఉండేవి. 1953లో ఏర్పడిన కేంద్ర సంఘసంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. పల్లెల్లో పసిపిల్లల కేంద్రాలకు ఆ బోర్డు అప్పట్లోనే దారి వేసింది. ఐసీడీఎస్‌కు ఆరు సేవలు అప్పగించారు. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, ఆటపాటల చదువు, తల్లులకు ఆరోగ్యం మీద తెలియజెప్పడం. లెక్క చూడండి. ఆరింట్లో అయిదు ఆరోగ్యానికి సంబంధించినవే. అయినా ఊళ్లో అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బాలామృతం పిండి అనే పేరు స్థిరపడింది. ఆ పేరు తప్పేమీ కాదు. తిండి పెట్టే చోటికే బిడ్డ రోజూ వస్తుంది, రోజూ వచ్చే చోటే ఆరోగ్యం కనిపెట్టడం సాధ్యం.

శిక్షణ లేదని ఎవరూ అనలేరు. కొత్తగా చేరిన టీచరుకు ఉద్యోగ శిక్షణ ఉంది. తర్వాత మధ్యమధ్యలో పునశ్చరణ తరగతులు ఉన్నాయి. 2018లో పోషణ్ అభియాన్ వచ్చినప్పుడు నెలకొకటి చొప్పున నేర్చుకొనేలా 21 పాఠాలు తయారు చేశారు. 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో మరో శిక్షణ మొదలైంది. పాఠాలు మంచివే. కొన్ని చాలా మంచివి కూడా. కాని హాల్లో కుర్చీలు వేసి, తెర మీద బొమ్మలు చూపించి, మధ్యాహ్నం భోజనం పెట్టి, సాయంత్రం సంతకాలు తీసుకుంటే చేతికి పని రాదు. సంతకాల పట్టీలో అందరూ శిక్షణ పొందినట్టే ఉంటుంది. మర్నాడు తూకం దగ్గర నిలబడ్డప్పుడు తెలుస్తుంది ఏం వచ్చిందో, ఏం రాలేదో.

తూకం సంగతే తీసుకుందాం. మన దగ్గర జరుగుతున్న లోపాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

బరువు తూచి, తల్లీబిడ్డల రక్షణ కార్డులో చుక్క పెడతారు. ఆకుపచ్చలో పడితే బిడ్డ బాగున్నట్టు, పసుపులో పడితే తక్కువ బరువు, నారింజలో పడితే మరీ తక్కువ బరువు. ఇప్పుడు ఫోనులో పోషణ్ ట్రాకర్ ఉంది కాబట్టి అంకె కొడితే రంగు అదే చెబుతుంది. దాంతో అందరి కళ్లూ పసుపు మీదా, నారింజ మీదా ఉంటాయి. సూపర్‌వైజర్ అడిగేది ఆ పిల్లల గురించే, పై అధికారులు అడిగేదీ వాళ్ల గురించే. ఆకుపచ్చలో ఉన్న బిడ్డ పేరు ఎవరి నోటా రాదు.

ఒక ఆడపిల్లను ఊహించండి. తొమ్మిదో నెలలో 7 కిలోల 400 గ్రాములు. ఆకుపచ్చ. పదో నెలలో అదే బరువు. ఆకుపచ్చ. పదకొండులో అదే. ఏడాదికీ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఆ పిల్ల పధ్నాలుగో నెల దాకా ఆకుపచ్చలోనే కనిపిస్తుంది. పదిహేనో నెలలో పసుపులోకి జారుతుంది. అప్పుడు అందరూ ఉలిక్కిపడతారు. ఆరు నెలల్లో కిలో పైగా పెరగాల్సిన బిడ్డ గ్రాము కూడా పెరగలేదు. రంగు మారలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఆరు నెలలు పిల్ల మెదడు, ఎముక పెరగవలసిన నెలలు. పదిహేనో నెలలో ఎంత బాలామృతం ఇచ్చినా పోయిన కాలం పూర్తిగా తిరిగి రాదు.

అందుకే టీచర్లకు మొదట నేర్పవలసింది రంగు చూడడం కంటే గీత చూడడం. పోయిన నెల చుక్కనూ ఈ నెల చుక్కనూ కలిపితే గీత పైకి పోతోందా, పడుకుందా, కిందికి దిగిందా? గీత పడుకున్న రోజే ఆ ఇంటికి వెళ్లాలి. వెళ్లి ఏమడగాలి? మొన్న విరేచనాలు అయ్యాయా, జ్వరం వచ్చిందా, తల్లి పనికి పోవడం మొదలైందా, బాలామృతం ఎవరు తింటున్నారు? బాలామృతం నెలకు రెండున్నర కిలోలు ఇస్తారు. బిడ్డ ఒక్కతే తింటే రోజుకు వంద గ్రాముల లెక్కన ఇరవై అయిదు రోజులు వస్తుంది. ఇంట్లో అక్క, అన్న, తాత ఉంటే వారంలో అయిపోతుంది. అక్కడ తల్లిని తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఇంట్లో మిగతా పిల్లలకూ ఆకలి ఉంటుంది. పప్పూ నూనె వేసి మెత్తగా పిసికిన అన్నం రోజుకు ఇంకొక్కసారి ఎవరు పెట్టగలరు, నానమ్మా, పెద్దక్కా అని ఆ ఇంట్లోనే కూర్చుని తేల్చుకు రావాలి. ఈ సంభాషణ తెర మీద చూపిస్తే రాదు. అనుభవం ఉన్న టీచరు పక్కన కూర్చుని వింటేనే వస్తుంది.

తూచడంలో కూడా మెళకువ ఉంది. కాటా ముల్లు సున్నా మీద ఉందో లేదో ముందు చూడాలి. బిడ్డ స్వెట్టరు, మొలతాడుకు ఉన్న బరువైన బిళ్లలు తీయాలి. ఏడుస్తూ కాళ్లు కొట్టుకొనే బిడ్డ బరువు నమ్మరాదు. రెండు వందల గ్రాముల తేడా వస్తే గీత మొత్తం అబద్ధం అవుతుంది. పొడవు కొలవడం ఇంకా కష్టం, ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషి ఆయా. అయినా మన శిక్షణల్లో ఆయాకు కుర్చీ దొరికేది తక్కువ. చేతులు కడిగించేది ఆమె, నీళ్లు పట్టేది ఆమె, తినిపించేది ఆమె. ఆరోగ్యం నేర్పడంలో ఆమెను బయట ఉంచితే సగం పని బయటే ఉండిపోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21 నాటిది, తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరని చెప్పింది. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 21.7 శాతం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 70 శాతం. అంతకు ముందు విడత సర్వేతో పోలిస్తే ఈ మూడూ పెరిగాయి. పోషకాహారం మీద దేశానికే పాఠాలు చెప్పే జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులో ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో మన దగ్గరికి వచ్చింది. పిల్లలకు విటమిన్ ఏ పెద్ద మోతాదులో ఇస్తే చూపు కాపాడవచ్చని ఆ సంస్థ చేసిన పరిశోధన మీదే 1970లో దేశవ్యాప్త కార్యక్రమం వచ్చింది. జ్ఞానం మన ఇంట్లోనే ఉంది. అది ఏన్కూరు గూడెం దాకా నడిచి రావాలంటే టీచరు కాళ్లే దిక్కు.

నడిపించగలమని నమ్మకం ఎందుకంటే, ఇలాంటి పనులు లోకంలో జరిగాయి, మనకు దగ్గర్లోనూ జరిగాయి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు సరిహద్దులోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించమని రోగుల బంధువుల చేతికే ఇచ్చారు. వాళ్లు ఏ శిక్షణా లేని మనుషులు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లు ఇంటింటికీ మనుషులను పంపి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, నీళ్లతో ఆ ద్రావణం కలపడం తల్లులకు నేర్పింది. కోటికి పైగా ఇళ్లు. ఆ పనిలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. నేర్పిన కార్యకర్తకు జీతం కట్టే ముందు ఇంకొకరు కొన్ని ఇళ్లకు వెళ్లి తల్లిని అడిగేవారు, కలిపి చూపించమనేవారు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత డబ్బు. మన టీచర్ల గౌరవ వేతనానికి ముడిపెట్టమని నేను అనను, ఇప్పుడు ఇస్తున్నదే తక్కువ. కాని శిక్షణ మంచిచెడ్డలు సంతకాల పట్టీలో కాక తల్లి చేతిలో కొలవాలన్న ఆ బుద్ధి మనం తెచ్చుకోవాలి.

రెండోది మన పొరుగుదే. గోదావరికి, ప్రాణహితకు ఆవల గడ్చిరోలి. అదీ మన లాంటి అడవే, గోండులు ఉండే నేలే. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 1986లో అక్కడ 'సెర్చ్' సంస్థ పెట్టారు. చదువురాని మంత్రసానులకు న్యుమోనియా గుర్తించడం నేర్పాలనుకున్నారు. అంకెలు రాని మనిషి శ్వాస లెక్కపెట్టేదెలా? ఒక నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు పెట్టి చిన్న పరికరం చేశారు. ఇసుక జారేలోపు శ్వాసలకు తగ్గట్టు పూసలు జరుపుతూ ఎర్ర పూస దాకా వస్తే బిడ్డకు ప్రమాదం. ఆ మంత్రసానులు సరిగ్గానే పట్టుకున్నారు. తర్వాత ఊరి ఆడవాళ్లకు పురిటిబిడ్డను ఇంట్లోనే చూసుకోవడం నేర్పితే నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. ఇవాళ ఆశా కార్యకర్త పురిటింటికి వచ్చి బిడ్డను చూస్తోందంటే దాని వెనుక ఆ అడవి ఊళ్ల ఆడవాళ్లు ఉన్నారు.

మన టీచర్లు పదో తరగతి, ఇంటరు, డిగ్రీ చదివినవాళ్లు. చేతిలో ఫోను ఉంది, అందులో నిమిషాల గడియారం ఉంది. బిడ్డ నిదరపోతున్నప్పుడో, ఊరికే కూర్చున్నప్పుడో చొక్కా ఎత్తి పొట్ట కదలిక చూసి నిమిషం నిండా లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు 40, ఆ లెక్కకు చేరినా, దాటినా ఆసుపత్రి. రెండు నెలల లోపు పసికందుకు 60. పక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అక్కర్లేదు, బండి చూసుకోవాలి, 108కి ఫోను చేయాలి. ఈ ముక్క నేర్పడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఉదయం చాలు. దగ్గుతో వచ్చిన పిల్లలను వరసగా చూపించి, ప్రతి టీచరు చేతా లెక్కపెట్టించి, డాక్టరు లెక్కతో సరిపోల్చాలి. ఒక్కసారి నిజంగా పక్కలు ఎగరేస్తున్న బిడ్డను చూసిన మనిషి జన్మలో మరచిపోదు.

టీకాల గురించి మా వాళ్లందరికీ తెలుసు అంటారు. పట్టిక తెలుసు, నిజమే. బుధవారం, శనివారం ఏఎన్ఎం సిస్టరు వస్తుందని ఊరందరికీ తెలుసు. చిక్కు పట్టికలో లేదు. ఆరు వారాల సూది వేశాక బిడ్డకు ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ వాస్తుంది. రాత్రంతా ఏడుస్తుంది. ఇంట్లో పెద్దమ్మ, "మంచిగున్న పిలగానికి సూది పొడిచి జొరం తెప్పించిన్రు" అంటుంది. పదో వారానికి ఆ తల్లి రాదు. తల్లి రాకపోవడానికి కారణం అజ్ఞానం అని రాసేస్తాం. సూది వేసిన రోజు, "ఇవాళ రాత్రి వెచ్చబడుతుందమ్మా, భయం లేదు, చనుబాలు మాత్రం ఆపొద్దు, సిస్టరమ్మ ఇచ్చిన మందు ఇట్లా వెయ్యి, పొద్దున్నే నేను వచ్చి చూస్తా" అని ముందే చెప్పిన టీచరు ఊళ్లో రెండో సూదికి పిల్లలు వస్తారు. పొద్దున్నే వెళ్లి చూడడం ముఖ్యం. వెళ్లకపోతే మాట పోతుంది.

మాట అంటే భాష కూడా. కోయ ఇంట్లో అవ్వకు తెలుగు అర్థమవుతుంది గాని, బిడ్డ మీద బెంగ కోయలోనే ఉంటుంది. తండాలో గోర్‌బోలి. ఆ మాట వచ్చిన టీచరు ఉన్నచోట పని సులువు. రానిచోట ఆ ఇంటి ఆడపడుచునో, గూడెం పెద్దనో తోడు తీసుకోవాలి. ఫిట్స్ వస్తే వాత పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పసరు పోసే ఇళ్లు ఉన్నాయి. "మీకేం తెలుసు" అన్న మాట నోటి నుంచి వచ్చిందంటే ఆ గడప మూసుకున్నట్టే. బిడ్డకు బొడ్డు ఆరేదాకా చన్నీళ్లు తగలనీయని అవ్వ, పచ్చి బాలింతకు కాపడం పెట్టే అవ్వ, తన ఎరికలో తాను బిడ్డను కాపాడుతూనే ఉంది. ఆమెను మెచ్చుకొని, వాత ఒక్కటి మాన్పించాలి. ఈ ఓపిక కూడా నేర్పవలసిన విద్యే, దానికి ఇద్దరు టీచర్లు అవ్వగా, టీచరుగా నటించి చూపితే ఒక గంటలో ఎంతో వస్తుంది.

ఈ నేర్పేదంతా ఎక్కడ జరగాలి? కొత్త భవనాలు, పెద్ద సభలు అక్కర్లేదు. నెలనెలా టీచర్లు కలిసే సెక్టార్ మీటింగ్ ఉంది. రికార్డుల లెక్కలతో పొద్దు పోతుంది అక్కడ. అందులో మొదటి ముప్పావు గంట, రికార్డు తెరవకముందే, ఒక్క విషయానికి ఇవ్వాలని నా కోరిక. ఆ నెలకు ఆ ఊళ్లకు పనికొచ్చేది మాత్రమే. జూన్‌లో వానలు పడ్డాక విరేచనాలు. అప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఒకటి లీటరు నీళ్లలో కలిపి అందరూ తాగి రుచి చూడాలి. కొంచెం ఉప్పగా కన్నీళ్ల రుచి ఉంటుంది. గ్లాసుడు నీళ్లలో ప్యాకెట్టు మొత్తం పోస్తే ఎంత ప్రమాదమో ఆ నాలుకకే తెలుస్తుంది. దాంతోపాటు జింకు మాత్రలు పధ్నాలుగు రోజులు, మూడో రోజు విరేచనాలు కట్టుకున్నా ఆపరాదు. ఆగస్టు, సెప్టెంబరులో జ్వరాలు, దోమతెర, ఆశా చేసే మలేరియా రక్త పరీక్ష. చలికాలంలో శ్వాస లెక్క. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. తెల్లవారకముందే తల్లులు అడవికి పోతారు, బిడ్డకు పొద్దున తిండి ఎవరు పెడతారన్నది అప్పటి పాఠం.

జనవరి నుంచి మిరప. ఇది కాస్త నిలబడి చెప్పాలి. మిరప ఏరిన చేతులతో బిడ్డ కళ్లు తుడిస్తే ఏమవుతుందో ఇక్కడి తల్లులకు చెప్పనక్కర్లేదు. చేలో కొట్టిన మందు ఆ చేతుల మీద, కొంగు మీద ఉంటుందన్న సంగతి మాత్రం చెప్పాలి. పాలిచ్చేముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి, పని చీర మార్చుకోవాలి. మందు డబ్బాలు ఎంత కడిగినా ఇంటి నీళ్లకు వాడరాదు. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రలు వేసే రోజు, సరిగ్గా ఏరివేతల కాలం. ఆ రోజు చేనుకు పోయిన పిల్లలు మిగిలిపోతారు. ఎవరెవరు మిగిలారో ఆ సాయంత్రమే రాసిపెట్టుకుంటే వారం తర్వాత మళ్లీ వేసే రోజు పట్టుకోవచ్చు.

ఆ కాలంలోనే ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు కుటుంబాలతో వస్తారు. చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటారు. వాళ్ల పిల్లలు మన రిజిస్టర్లలో లేరు. కాని టీకా ఊరు చూసి వేసేది కాదు, అంగన్‌వాడీ గుడ్డు కూడా ఏ రాష్ట్రం బిడ్డ అని అడిగి పెట్టకూడదు. తట్టు ఒక బిడ్డకు వస్తే ఆ గుడిసెల నుంచి గూడెంలోకి, గూడెం నుంచి గుడిసెల్లోకి పాకడానికి రోజులు చాలు. కాబట్టి టీచర్ల శిక్షణలో ఇదీ ఒక పాఠం కావాలి. డిసెంబరు ఆఖరులో రైతులను అడిగి ఏ చేలో ఎన్ని కుటుంబాలు దిగుతాయో తెలుసుకోవడం, దిగిన వారంలో ఆశాతో కలిసి గుడిసెలకు వెళ్లడం, పిల్లల భుజం మీద బీసీజీ మచ్చ ఉందో లేదో చూడడం, కార్డు లేని బిడ్డకు కొత్త కార్డు రాయించడం. మార్చి ఆఖరున వాళ్లు తిరుగు ప్రయాణం కట్టే ముందు ఏ సూది అయింది, తర్వాతది ఎప్పుడు అన్నది ఆ కార్డులో స్పష్టంగా రాసి తల్లి చేతికివ్వాలి. అక్కడి సిస్టరమ్మ చదివేలా తేదీలు అంకెల్లో రాయాలి.